గట్టివాడి కప్పు

దుబాయ్, కరామా
11 సెప్టెంబరు 2022

తమ్ముడు అప్పాజీకి,

మీ అక్క మంగాదేవి కరామాలో మన వైపు ఆడవాళ్ళ గదిలో కూర్చుని, సూట్‌కేసునే బల్ల చేసుకుని రాస్తోంది. ఈ రోజు ఆదివారం, నాకు సెలవు. నేను ఐదో తరగతి దాటలేదని నీకు తెలుసు. అక్షరాలు చూసి నవ్వుకుంటే నవ్వుకో, మీ ఆవిడ బేబీకి మాత్రం చూపించకు. నేను ఫోన్లో మాట రికార్డు చేసి పంపితే ఆవిడ స్పీకరు పెట్టి వీధంతా వినిపిస్తోందని తెలిసింది. కాల్ చేద్దామా అంటే, నీ గొంతులో నాకు వాడి గొంతు వినిపిస్తుంది. మేనమామ పోలిక కదా. ఆపైన ఫోన్ పెట్టేస్తాను. అందుకని కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతాను. నువ్వూ అలాగే రాయి.

భీమరాజు పోయి ఏడాదిన్నర అయింది. శివరాత్రి కబడ్డీ పోటీల్లో ఆడొచ్చి పడుకున్నవాడు లేవలేదు, గుండె ఆగిపోయిందన్నారు మీరు. ఇరవై ఏళ్ళ గుండెకి అంత తొందరేం వచ్చిందో. "ఇంట్లో అందరికీ కరోనా, వారం ఆగి వెళ్ళు మంగా" అన్న ఆవిడ ఇంట్లో పని నేను ఎట్టకేలకి మానేశాను. వారం ఆగాక దేన్ని చూడ్డానికి వెళ్ళాలో ఆవిడ చెప్పలేదు. వీసా తీరేదాకా చేసి, ఖలాస్ అని దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు చేరిన ఇల్లు ఆస్ట్రేలియా వాళ్ళది. మేడం జెబెల్ అలీలో పెద్ద కంపెనీ మేనేజరు. సార్ ఉద్యోగం ఏమిటని కంపెనీ డ్రైవరు అమీర్ జాన్‌ని అడిగాను. అతనిది రాయచోటి, తెలుగు మాట్లాడతాడు గానీ సగం వెటకారం.

"ఆట ఆడతాండె మంగక్కా. రగ్బీ లీగ్ అంటారు. గుడ్డు మాదిరి బంతి ఉంటాది. చంకలో పెట్టుకొని ఉరకల్ల. ఎదురుగా పదముగ్గురు ఉంటారు, మీదపడి తొక్కుతారు."

"ఎందుకయ్యా?"

"జీతమిస్తారు గాబట్టి."

పద్నాలుగేళ్ళు తొక్కించుకున్నాడంట మా సార్. మన వాళ్ళు బంతి లేకుండా తొక్కించుకుంటారు కాబట్టి అరటిపండూ సోడాతో సరిపెట్టారు. చంకలో ఒక గుడ్డు పెట్టుకుని ఉంటే మనమూ ఈపాటికి మేడలో ఉండేవాళ్ళం.

మనిషి గుమ్మంలో పట్టడు. ముక్కు మూడు చోట్ల వంకర. చెవులు నూనెలో పడ్డ అప్పడాల్లా ముడుచుకుపోయాయి. ఆట మానేసి నాలుగేళ్ళయినా పొద్దున్నే తొమ్మిది గుడ్లు మానలేదు. మతిమరుపు చెప్పనక్కర్లేదు. టీ తాగిన కప్పు నేను కడిగేలోపే "టీ ఉందా?" అంటాడు. నన్ను పాత పనమ్మాయి పేరు పెట్టి లోర్నా అని పిలుస్తాడు. తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతుకుతాడు. వంటగది గోడల నిండా పసుప్పచ్చ కాగితాలు అంటించుకున్నాడు.

ఇంకో విడ్డూరం విను. మన ఊళ్ళో వాలీబాల్లో మూడో బహుమతి వచ్చినా టీవీ పక్కన పెట్టి దండ వేస్తారు కదా. ఈయనకి ఉన్న ఒక్క వెండి కప్పూ కింద బాత్రూంలో ఉంది. అందులో దొడ్డి కడిగే బ్రష్. నేను చింతపండు పెట్టి తోమి హాల్లో పెట్టాను. సాయంత్రానికి మళ్ళీ బాత్రూంలో ఉంది. వారం నుంచి ఇదే ఆట మా ఇద్దరికీ. నేను హాల్లోకి, ఆయన బాత్రూంలోకి.

భీమరాజు కప్పులు రెండూ గుడ్డ చుట్టి బీరువాలో పెట్టమన్నాను. పెట్టారా?

మీ అక్క,
మంగ


భీమరాజు యూత్ కబడ్డీ అకాడమీ
గుర్రాలంక, 25 సెప్టెంబరు 2022

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నాకు రెండు రోజులు నిద్ర లేదు. అక్కా, నీకు అర్థం కావడం లేదు, నువ్వు పెద్ద కొండ కింద చేరావు. డబ్బులిచ్చి ఆడించుకునే ఆటగాడు, ఆస్ట్రేలియా వాడు. నాదీ ఆయనదీ ఒకే వృత్తి. నేను మాజీ జిల్లా ప్లేయర్ని, ఇప్పుడు కోచ్‌ని. మా ఇద్దరికీ మధ్యలో బంతి ఒక్కటే తేడా. నా బయోడేటా దీంతో పాటు పంపుతున్నాను, సార్ గుడ్లు తినేటప్పుడు చూపించు. దుబాయ్‌లో కబడ్డీ అకాడమీ పెడదామని అడుగు. నేను చలికైనా ఎండకైనా సిద్ధం.

ఆ పసుప్పచ్చ కాగితాలు మతిమరుపు అనుకుంటున్నావు. అవి ఎత్తులు అక్కా. పెద్ద పెద్ద కోచ్‌లు ఆట ఎత్తులు గోడ మీద రాసుకుంటారు. ఒకటి గుట్టుగా ఫొటో తీసి పంపు.

ఇక మనవాడి విషయం. వచ్చే శివరాత్రికి రెండో ఏడాది భీమరాజు స్మారక కబడ్డీ పోటీలు. ఈసారి కొత్తగా "భీమరాజు వీర కప్పు" పెడుతున్నాను. దెబ్బ తగిలినా గీత దాటి బయటికి రాకుండా ఆడిన మొనగాడికి ఇస్తాం. ఆలోచన నాదే. కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. నీ సార్ ముఖ్య అతిథిగా వస్తానంటే ఫ్లెక్స్‌లో మా ఇద్దరి మధ్య మనవాడి ఫొటో వేయిస్తాను. సార్ ఫొటో పంపు, ముక్కు వంకర కనపడని వైపు నుంచి తియ్యి.

కప్పులు బీరువాలోనే ఉన్నాయి. బేబీ నీ ఉత్తరం చూడలేదు. అడిగింది, అంతే.

నీ తమ్ముడు,
అప్పాజీ
మాజీ జిల్లా క్రీడాకారుడు, సీనియర్ కోచ్, వ్యవస్థాపకుడు


దుబాయ్, కరామా
20 నవంబరు 2022

తమ్ముడూ,

నీ అకాడమీ చిరునామా చూసి ఎంతో పెద్దదనుకుని మన వైపు ఆడవాళ్ళు నాకు మర్యాదగా టీ ఇచ్చారు. పంచాయతీ ఆఫీసు వెనక ఇసుక పోసిన చోటని నేను చెప్పలేదు.

ఎత్తుల కాగితం ఫొటో పంపాను, చూశావా? అమీర్ జాన్ చదివి పెట్టాడు. "పొయ్యి ఆపు" అని ఉంది. పక్కదాని మీద "ఈ రోజు నీ పెళ్ళిరోజు కాదు, పదో తారీఖు" అని ఉంది. మీ పిల్లలకి ఈ ఎత్తులు నేర్పించు, ఎదుటి జట్టు హడలిపోతుంది.

బయోడేటా చూపించలేదు. దానిలో నీ ఎత్తు ఐదు అడుగుల పది అంగుళాలని రాశావు. మన నాన్న ఎత్తు కూడా కలిపావా?

సార్ సంగతి మేడం కొంచెం చెప్పింది. పద్దెనిమిదో ఏట సిడ్నీలో ఒక జట్టు వాళ్ళు తీసుకున్నారంట. రెండు జట్లు మారాడు. తర్వాత ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఏదో చలి ఊళ్ళో ఆడాడు, ఆ ఊళ్ళో వాన ఆగితే జనం బయటికొచ్చి ఆకాశం వంక చూసేవాళ్ళంట. ముక్కు, భుజం, మోకాలు అన్నీ విరగ్గొట్టుకున్నా ఎవరూ వద్దనలేదు. ముప్పై ఒకటో ఏట తల దెబ్బలు ఎక్కువైపోయాయని డాక్టర్లు మాన్పించేశారు. అన్ని ఎముకలు విరిగినా ఆడినవాడు తలనొప్పికి మానడమేమిటో నాకు అర్థం కాలేదు.

నిన్న వాళ్ళ మ్యాచ్ చూశాను తమ్ముడూ. సార్ ఇక్కడ ఒక జట్టుకి ఊరికే నేర్పిస్తాడు. భోజనాలు మోసుకుని నేనూ అమీర్ జాన్ గ్రౌండ్‌కి వెళ్ళాం. ఒక ఫిజీ దేశం మనిషి, మన పంచాయతీ తలుపంత ఉన్నాడు. ఎవడి భుజమో కణతకి తగిలి పడ్డాడు, పడ్డవాడు వెంటనే లేచాడు. నెత్తురు చుక్క లేదు. సార్ పరిగెత్తుకెళ్ళి వాణ్ణి పట్టుకుని ఏదేదో అడుగుతున్నాడు.

"ఏంటయ్యా అడుగుతున్నాడు?" అన్నాను.

"ఇది ఏ గ్రౌండు, ఎవరితో ఆడతాండాం, మొదటి సగమా రెండోదా, చివర పాయింటు ఎవరు కొట్టినారు అని."

"అది వాడికి తెలీదా?"

"పోయిన వారం ఆడిన జట్టు పేరు చెప్పినాడు అక్కా. పోయె, వాని పని అయిపాయె."

అంతే, కూర్చోబెట్టేశాడు. ఇంకో మూడు నిమిషాల ఆట ఉంది, మా వాళ్ళు రెండు పాయింట్లు ముందున్నారు. అంత మనిషీ వెళ్తాను వెళ్తానని ఏడుస్తుంటే సార్ వాడి నోట్లోని రబ్బరు పంటి తొడుగు లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. ఓడిపోయారు. పైగా పదకొండు రోజులు వాడు ఆట ముట్టకూడదంట. పురిటికి పదకొండు రోజులని విన్నాను గానీ, కణత మీద చిన్న దెబ్బకి పదకొండు రోజుల మైలేమిటి? నేనూ అమీర్ జాన్ దారంతా నవ్వుకున్నాం. పాలకోవాతో చేసిన మనుషులు. మనవాడు మోకాలు చీరుకుపోయి కూతకి వెళ్ళడం చూసిన కళ్ళు నావి.

మా సార్ మొహం మాత్రం గెలిచినవాడిలా ఉంది. ఓడిపోయింది మర్చిపోయాడేమో.

మీ అక్క,
మంగ


గుర్రాలంక
4 డిసెంబరు 2022

అక్కకి,

ఉత్తరం చదివి నేనూ మా కుర్రాళ్ళూ పడీ పడీ నవ్వాం. దెబ్బ తగిలితే పరీక్ష పెడతారా? మరి జవాబు తప్పితే బెంచీ ఎక్కిస్తారా? మన కబడ్డీకి ఇలాంటి రోగం పట్టలేదు, సంతోషం.

మీ సార్‌కి ఒక మాట చెప్పు అక్కా, మగతనం అంటే ఏమిటో ఆయనకి తెలుస్తుంది. ఆ శివరాత్రి సెమీఫైనల్లో మన భీమరాజుకి ఎదుటివాడి మోకాలు కణతకి తగిలింది. చెట్టు పడ్డట్టు పడ్డాడు. రెండు నిమిషాలు ఎవరినీ గుర్తుపట్టలేదు, ఏదేదో మాట్లాడాడు. వేరే కోచ్ అయితే చేతులెత్తేసేవాడు. నేను రెండు బిందెల చల్లనీళ్ళు నెత్తిన పోసి, నిమ్మకాయ ముక్క నోట్లో పిండి, వెన్ను మీద ఒక్కటి చరిచాను. లేచాడు. ఫైనల్లో నాలుగు సార్లు కూతకి వెళ్ళి మూడు పాయింట్లు తెచ్చాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ తల నేలకి కొట్టుకుంది, అయినా బయటికి రాలేదు. అదీ మన రక్తం. వీర కప్పు వాడి పేరు మీద ఊరికే పెట్టానా? ఈ ముక్క నీ సార్‌కి తర్జుమా చేయించి చెప్పు, నా కోచింగ్ మీద ఆయనకి గురి కుదురుతుంది.

బయోడేటాలో ఎత్తు ఐదు ఆరుకి మార్చాను.

నీ తమ్ముడు,
అప్పాజీ, సీనియర్ కోచ్


దుబాయ్, కరామా
11 డిసెంబరు 2022

అప్పాజీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు చదువు తక్కువ కదా, తప్పు చదివానేమో అనుకున్నాను.

మీరు నాకు గుండె అని చెప్పారు. ఆడి, నవ్వుతూ ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడని చెప్పారు. తలకి తగిలిందని ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు తగిలిందని అసలే చెప్పలేదు. కాయితం మీద పడేటప్పటికి నీకు అది గొప్పగా కనిపించింది, రాసేశావు.

ఏదేదో మాట్లాడాడు అని రాశావు. ఏం మాట్లాడాడు?

వేరే ఏమీ రాయక్కర్లేదు. అది రాయి.

భీమరాజు వాళ్ళమ్మ


గుర్రాలంక
25 డిసెంబరు 2022

అక్కా,

నువ్విలా రాస్తావని అనుకోలేదు. ఆ తెల్లాయన నీ బుర్ర పాడుచేశాడు. వాళ్ళకి తుమ్మితే డాక్టరు, దగ్గితే వకీలు. కేసు గీసు అని ఎవరైనా చెబుతుంటే నీకు ముందే చెబుతున్నాను, ఊళ్ళో మన పరువు పోతుంది. డాక్టరు వచ్చి చూసి గుండె అన్నాడు. ఆయన చదువుకున్నవాడా, నేను చదువుకున్నవాడినా?

తలకి దెబ్బలు కబడ్డీలో రోజూ తగులుతాయి. నాకు ఎన్నిసార్లు తగిల్లేదు? నేను బతికి లేనా?

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. పన్నెండేళ్ళవాణ్ణి నా గుమ్మంలో వదిలి విమానమెక్కావు. బావ పోయాడు, నీకు తప్పలేదు, నేను కాదనను. కానీ వాడి బట్టలు ఉతికింది బేబీ. వాడికి కూత నేర్పింది నేను. వాడు పోతే నా ఇంట్లోంచే శవం లేచింది. ఎక్కడో ఎడారిలో కూర్చుని ఏం మాట్లాడాడు, ఏం మాట్లాడాడు అంటే నాకు గుర్తుంటుందా? తిక్కతిక్కగా మాట్లాడాడు, అంతే.

ఫ్లెక్స్ డిజైను పంపుతున్నాను. సార్ ఫొటో రాలేదు కాబట్టి ఆ చోట ఎమ్మెల్యే గారి తమ్ముణ్ణి వేయించాను.

అప్పాజీ
సీనియర్ కోచ్


దుబాయ్, కరామా
22 జనవరి 2023

అప్పాజీకి,

ఫ్లెక్స్ చూశాను. ఎమ్మెల్యే గారి తమ్ముడి మొహం గుమ్మడికాయంత ఉంది, నా కొడుకు మొహం ఆయన భుజం మీద బొత్తాంలా ఉంది. ఎవరు పోయారని ఆ పోటీలు పెడుతున్నారో కొంచెం తెలిసేలా వేయించు.

ఎడారి అన్నావు. మేం ఉండే చోట ఇసుక కనపడదు తమ్ముడూ, అంతా టైల్సే, నేనే తుడుస్తాను. నువ్వన్న మిగతాదంతా నిజం. నేను కాదనను. వాణ్ణి వదిలి వచ్చాను. బేబీ ఉతికింది. ఆవిడకి చూపించు ఈ ఉత్తరం, ఈసారి వీధికి చదివి వినిపించమను.

నీ డిసెంబరు ఉత్తరాలు రెండూ పట్టుకెళ్ళి వంటగదిలో సార్ ముందు పెట్టాను. నీ బయోడేటా కూడా పెడతాననుకున్నావేమో, పెట్టలేదు. అమీర్ జాన్ ఒక్కొక్క ముక్కా చదివి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మనిషికి ఎప్పుడూ నోటి చివర వెటకారం ఉంటుంది కదా, బిందెల నీళ్ళ దగ్గరికొచ్చాక అది పోయింది. "నేను చదవలేను మంగక్కా" అని కాగితం బోర్లా పెట్టాడు. తర్వాత మళ్ళీ తీసి చదివాడు.

సార్ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చున్నాడు. నేను తుడిచిన తడి ఇంకా ఆరలేదు. మొదటి దెబ్బకే కూర్చోబెట్టాలి, రెండో దెబ్బ తగలనివ్వకూడదు అన్నాడు. తలకాయ లోపల మెదడు ఒకసారి అదిరి ఇంకా కుదుటపడకముందే మళ్ళీ అదిరితే వాస్తుందంట. మనిషి నడిచి ఇంటికి పోతాడు, అన్నం కూడా తింటాడు, పడుకుంటాడు. ఎప్పుడూ అలాగే అవుతుందని కాదు, మీ వాడికి అదే అయిందని నేను ప్రమాణం చెయ్యలేను అన్నాడు. ఆయన ప్రమాణం నాకెందుకు?

తర్వాత కప్పు సంగతి చెప్పాడు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక మ్యాచ్‌లో స్పృహ తప్పి పడ్డాడంట. అప్పట్లో ఈ ప్రశ్నలూ పదకొండు రోజులూ ఇంత గట్టిగా లేవంట. వాళ్ళ కోచ్ మొహాన నీళ్ళు కొట్టి పంపాడు. చూశావా, నువ్వూ ఆస్ట్రేలియా కోచ్‌వే, మీ ఇద్దరికీ బంతి ఒక్కటే తేడా. ఆ రోజు మిగతా ఆట ఏం ఆడాడో ఆయనకి ఇప్పటికీ గుర్తు లేదు, టీవీలో చూసి తెలుసుకున్నాడు. ఆ ఏడాది జట్టులో అందరికంటే గట్టివాడని ఆ వెండి కప్పు ఇచ్చారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారంట, వాళ్ళమ్మ కూడా. "అందుకే దాన్ని దానికి తగిన చోట పెట్టాను" అన్నాడు.

నేను ఇక దాన్ని హాల్లోకి తేవడం లేదు. బ్రష్ మాత్రం కొత్తది కొన్నాను.

మర్నాడు పొద్దున్న గుడ్లు పెడుతుంటే సార్ నా వంక చూసి "నీకు పిల్లలెంతమంది?" అని అడిగాడు. నా చేతిలో పెనం ఉంది. ఒక్కడు అన్నాను. ఏం చేస్తాడు అన్నాడు. ఆడతాడు అన్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు తమ్ముడూ. సాయంత్రం మేడం చెప్పినట్టుంది, ఫ్రిజ్ మీద కొత్త పసుప్పచ్చ కాగితం కనపడింది. అమీర్ జాన్ చదివాడు. "మంగ కొడుకు భీమరాజు. చనిపోయాడు. మర్చిపోకు." పొయ్యి ఆపు అన్న కాగితం పక్కనే అంటించాడు.

మతి లేని మనిషి నా కొడుకుని గుర్తుపెట్టుకోవడానికి కాగితం రాసుకున్నాడు. మతి ఉన్న మేనమామ గుర్తు లేదని రాశాడు.

పదకొండు రోజులు వాణ్ణి కూర్చోబెట్టి ఉంటే అయిపోయేది. ఎలాగూ పదకొండు రోజులు మైల పట్టాం కదా. నవంబరులో ఆ మాటకి నవ్విన నోరు నాదే. నీ ఒక్కడి మీద నెట్టడం లేదు. పోటీలకి ముందు రోజు నేనే వాడికి కాల్ చేసి, "కప్పు చేతిలో లేకుండా నాకు ఫొటో పంపకు" అన్నాను. ఆ మాట నా దగ్గరుంది. వాడి మాట నీ దగ్గరుంది. నాది నేను చెప్పాను.

ఏం మాట్లాడాడు?

మంగ


గుర్రాలంక
5 ఫిబ్రవరి 2023

అక్కా,

నీ ఉత్తరం బేబీకి చూపించాను. ఆవిడ వీధికి చదవలేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది. మూడు రోజులు నాకు అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. నాలుగో రోజు, "చెప్పు ఆవిడకి, నేను విన్నాను కదా, నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను" అంది. బేబీ ఆ రోజు ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది.

నాకు గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది.

నీళ్ళు పోశాక లేచి కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ జనం వంక చూసి, "అమ్మ వచ్చిందా మావయ్యా?" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. దుబాయ్‌లో ఉన్నావని ఊరందరికీ తెలుసు. మళ్ళీ అడిగాడు, "అమ్మ వచ్చిందా?" అని. అవతల ఫైనల్‌కి విజిల్ వేస్తున్నారు. వాడు లేకపోతే మనకి కూతకి వెళ్ళేవాడు లేడు.

నేను, "వచ్చిందిరా, అదిగో ముందు వరసలో కూర్చుంది, నిన్నే చూస్తోంది, వెళ్ళు" అన్నాను. బేబీని చూపించాను.

వెంటనే లేచాడు. అంత హుషారుగా వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. కూతకి వెళ్ళిన ప్రతిసారీ ముందు వరస వంక చూశాడు. చివరిసారి వెళ్ళి అవతలి వాళ్ళ గీత వెనక నిలబడి అదే మన వైపు అనుకున్నాడు. జనం మళ్ళీ నవ్వారు. ఇంటికొచ్చాక బేబీ అన్నం పెడితే ఆవిడ మొహం వంక చాలాసేపు చూశాడంట. రెండు ముద్దలు తిని పడుకున్నాడు. నవ్వుతూ అని నీకు అబద్ధం చెప్పాను.

ఈసారి పోటీలు మానేద్దామని కమిటీకి చెప్పాను. ఫ్లెక్సులు కట్టేశారు, పన్నెండు జట్లు వస్తున్నాయి, కుదరదన్నారు. నేనైతే గ్రౌండ్‌కి వెళ్ళను. విజిల్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను.

తమ్ముడు


దుబాయ్, కరామా
12 ఫిబ్రవరి 2023

అప్పాజీ,

నిన్ను క్షమించానని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. చెయ్యి రాలేదు. రాని మాట రాసి ఫొటో తీసి పంపడం నాకిష్టం లేదు. ఎప్పుడైనా వస్తే అప్పుడు రాస్తాను. బేబీకి చెప్పు, వాడి ఆఖరి ముద్దలు ఆవిడ చేతివి కాబట్టి ఆవిడ మీద నాకేం లేదు. వీధి సంగతి కూడా మర్చిపోయాను.

గ్రౌండ్‌కి వెళ్ళనంటావేమిటి? ఎనిమిదేళ్ళు వాణ్ణి పట్టుకుని ఆ ఇసుకలో తిప్పినవాడివి, ఇప్పుడు ఇంట్లో దుప్పటి కప్పుకుంటావా? విజిల్ వేరేవాడికి ఇస్తే వాడు కూడా బిందెలు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. ఊళ్ళో బిందెలకి కరువు లేదు. నువ్వే వెళ్ళాలి. గీత దగ్గర నువ్వే నిలబడాలి.

నీ వీర కప్పు చేయించేశావు కదా. ఊళ్ళో ఎవరి బాత్రూంలో బ్రష్‌కి చోటు లేదో చూసి వాళ్ళకివ్వు. బీరువాలో వాడి కప్పులు రెండున్నాయి, పెద్దది బయటికి తియ్యి. దెబ్బ తగిలి, ఆట మధ్యలో బయటికొచ్చి, జనం ఎగతాళి చేస్తున్నా బెంచీ మీద కూర్చున్నవాడికి అది ఇవ్వు. ఎవడికీ దెబ్బ తగలకపోతే మళ్ళీ గుడ్డ చుట్టి లోపల పెట్టు. అదే నాకు కావాల్సింది.

సార్ అడిగే ప్రశ్నలు నేను తెలుగులో రాయించాను. ఇది ఏ ఊరు? ఎవరితో ఆడుతున్నాం? ఇది సెమీసా, ఫైనలా? చివర పాయింటు ఎవరు తెచ్చారు? అమీర్ జాన్ పెద్దక్షరాలతో రాశాడు, ఫొటో దీంతో ఉంది. దాన్ని జేబులో పెట్టుకో. పెద్ద పెద్ద కోచ్‌లు ఎత్తులు కాగితం మీద రాసుకుంటారని చెప్పావు కదా, నీకూ ఒక ఎత్తు పంపాను. పడ్డవాడు ఎమ్మెల్యే గారి మనిషైనా అడుగు. ఒక్కటి తప్పినా కూర్చోబెట్టు. నిమ్మకాయ షర్బత్‌లో పిండుకో.

దుబాయ్‌లో నీ ఉద్యోగం సంగతి సార్‌కి చెప్పలేదు, చెప్పను. అడగాలనుకున్నా ఆయన మర్చిపోతాడు. నిన్న మాత్రం టీ తాగుతూ ఫ్రిజ్ వంక చూసి, "భీమరాజు" అన్నాడు, సరిగ్గానే పలికాడు. ఆ తర్వాత నన్ను లోర్నా అన్నాడు. నేను పలికాను.

ఇంకొక్క మాట అప్పాజీ. ఆ కాగితంలో లేనిది. ఈసారి ఎవడైనా దెబ్బ తిని లేచి, నీ చెయ్యి పట్టుకుని, అమ్మ వచ్చిందా అని అడిగితే నవ్వకు. వచ్చిందిరా, ఇంటికి రమ్మంటోంది అని చెప్పి బయటికి తీసుకురా.

భీమరాజు వాళ్ళమ్మ,
నీ అక్క కూడా